బల్బు దగ్గర కాదు, బాకీ దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరు పిల్లలు. మా అత్తగారు మాతోనే ఉంటారు. రెండు జీతాలు వస్తున్నా 20వ తేదీ దాటేసరికి ఖాతా ఖాళీ అయిపోతోంది. కొన్ని నెలలుగా గట్టిగా పొదుపు మొదలుపెట్టాను. లైట్లు ఆపమని, ఛార్జర్లు పీకమని, నీళ్ళు పారబోయొద్దని రోజంతా చెబుతూనే ఉంటాను. ఇంట్లో అందరికీ విసుగొచ్చింది కానీ డబ్బు మాత్రం మిగల్లేదు. మా వారు ‘ఇంత పిసినారితనం ఎందుకు’ అంటున్నారు. పిల్లలు నేను వస్తున్నానంటే గదిలోకి వెళ్ళిపోతున్నారు. పెద్దమ్మాయి డ్రాయింగ్ క్లాసు మాన్పించేద్దామా అని ఆలోచిస్తున్నాను. క్రెడిట్ కార్డు మీద కొంత బాకీ ఉంది, వాళ్ళు కట్టమన్న కనీస మొత్తం ప్రతి నెలా తప్పకుండా కడుతున్నాం. ఇంకా ఎక్కడ తగ్గించుకోవాలో తోచడం లేదు. దారి చెప్పండి.
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం శ్రద్ధగా చదివాను. ఇంటి కోసం మీరు పడుతున్న తాపత్రయం ప్రతి వాక్యంలోనూ కనిపిస్తోంది. లైట్ల గురించి, నీళ్ళ గురించి, ఛార్జర్ల గురించి వివరంగా రాశారు. క్రెడిట్ కార్డు బాకీ గురించి మాత్రం చివర్లో ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నా లెక్క ప్రకారం మీ ఇంట్లో డబ్బు ఎక్కువగా పోతున్నది ఆ వాక్యం దగ్గరే. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

కార్డుల వడ్డీ బ్యాంకును బట్టి మారుతుంది. మీ స్టేట్‌మెంట్‌లో అసలు రేటు ఎంతో రాసి ఉంటుంది, చూడండి. లెక్క కోసం నెలకు 3 శాతం అనుకుందాం, కనీసం కట్టాల్సింది బాకీలో 5 శాతం అనుకుందాం. ఇవాళ బాకీ 100 ఉంది. నెల తిరిగేసరికి వడ్డీతో కలిపి 103 అవుతుంది. అందులో 5 శాతం, అంటే 5 చిల్లర కడతారు. ఇంకా 98 దాకా మిగులుతుంది. ఇలా కొత్తగా ఏమీ కొనకుండా, ఒక్క నెల కూడా తప్పకుండా 12 నెలలు కట్టారనుకోండి. మీ చేతి నుంచి మొత్తం 55 పోతుంది. బాకీ ఎంతకు దిగుతుందో తెలుసా? 77కి. మీరు కట్టిన 55లో 32 వడ్డీకే పోయింది, అసలులో తగ్గింది 23 మాత్రమే. ఏమీ కట్టకుండా వదిలేస్తే ఆ 100 ఏడాదిలో 142 దాటుతుంది. జరిమానాలు వేరే.

ఇది కూడా కొత్తగా ఏమీ కొనకపోతేనే. పాత బాకీ మిగిలి ఉన్న కార్డు మీద కొత్తగా ఏదైనా కొంటే చాలా కార్డులకు మామూలుగా ఉండే వడ్డీ లేని గడువు ఆ కొనుగోలుకు వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. ‘కనీస మొత్తం కట్టేశాం కదా’ అని నిశ్చింతగా ఉండేవాళ్ళు చాలామందికి ఈ సంగతి తెలియదు. కనీస మొత్తం కట్టడం వల్ల మీ పేరు ఎగవేతదారుల్లో చేరదు, అంతే. అప్పు మాత్రం తీరదు.

కాబట్టి ఈ నెల చేయాల్సిన మొదటి పని ఆ కార్డును పర్సులోంచి తీసి బీరువాలో పెట్టడం. ఫోన్‌లో, షాపింగ్ యాప్‌లలో దాని నంబరు దాచి ఉంచి ఉంటే తీసేయండి. రెండోది, అదే బ్యాంకుకో ఇంకో బ్యాంకుకో వెళ్ళి తక్కువ వడ్డీ మీద వ్యక్తిగత రుణం తీసుకుని ఈ బాకీని ఒక్కసారే తీర్చే వీలుందేమో కనుక్కోండి. చాలాచోట్ల అలా మార్చుకుంటే వడ్డీ సగానికి సగం తగ్గుతుంది. అయితే అక్కడ ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి. ‘మీరు చెప్పే వడ్డీ ఫ్లాట్ రేటా, తగ్గుతున్న అసలు మీదా?’ అని. ఏడాది అప్పుకు 10 శాతం ఫ్లాట్ అంటే, నెలనెలా మీరు తీర్చేసిన అసలు మీద కూడా చివరి దాకా వడ్డీ వేస్తూనే ఉంటారు. తగ్గుతున్న అసలు మీద లెక్కగడితే అది దాదాపు 18 శాతంతో సమానం. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో కూడా అడిగి కాగితం మీద రాయించుకోండి.

మూడోది వినడానికి కొంచెం కష్టంగా ఉంటుంది. ఎక్కడైనా డిపాజిట్‌లో డబ్బు దాచి ఉంటే, ఒక నెల ఖర్చులకు సరిపడా ఉంచుకుని మిగతాది తీసి కార్డుకు కట్టేయండి. డిపాజిట్ మీద ఏడాదికి వచ్చే వడ్డీని కార్డు రెండు మూడు నెలల్లోనే తినేస్తుంది. కష్టపడి దాచుకున్నది తీయాలంటే ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు. కానీ ఒక చేత్తో అంత వడ్డీ కడుతూ ఇంకో చేత్తో ఇంత వడ్డీ కోసం దాచుకోవడం పొదుపు కాదమ్మా.

ఇక నెల ఖర్చుల సంగతి. డబ్బు ఎటు పోతోందో తెలియకుండా ఎక్కడ తగ్గించాలో ఎవరూ చెప్పలేరు. ఒక్క నెల పాటు పోయే ప్రతి పైసా రాయండి. మీరు ఒక్కరే కాదు, ఇంట్లో ఖర్చు పెట్టే ప్రతి ఒక్కరూ రాయాలి. పుస్తకమైనా ఫోనైనా ఫర్వాలేదు. ఆ నెలంతా ఎవరినీ ఏమీ అనకండి, ఏ ఖర్చునూ ఆపకండి. మామూలుగా ఎలా జరుగుతుందో అలాగే జరగనివ్వండి. పరీక్ష రోజు ఒక్కటే బుద్ధిగా ఉన్నట్టు ఉంటే ఆ లెక్క పనికిరాదు. నెల అయ్యాక బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని సరిచూసుకోండి. రాయడం మర్చిపోయినవన్నీ అక్కడ కనబడతాయి. ఎప్పుడో ఒకసారి చూద్దామని తీసుకుని ఆపడం మర్చిపోయిన సబ్‌స్క్రిప్షన్లు, ఎవరూ వాడని రెండో సిమ్ కార్డు, డెలివరీ ఛార్జీలు, బిల్లు ఆలస్యంగా కట్టినందుకు పడ్డ జరిమానా, వేరే బ్యాంకు ఏటీఎమ్ వాడినందుకు పోయిన రుసుము... వీటిల్లో ఏదీ మీ ఇంటికి సుఖం తెచ్చేది కాదు. ముందు వాటిని కోసేయండి. ఎవరికీ నొప్పి తెలియని కోత అదొక్కటే.

ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంక నిపుణుడు 1857లో కుటుంబాల జమాఖర్చులు పరిశీలించి ఒక మాట చెప్పాడు. ఆదాయం పెరిగే కొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతూ వస్తుందని. అది ఈనాటికీ నిలబడింది. రెండు జీతాలున్న మీలాంటి ఇంట్లో సరుకుల బిల్లు చూసి భయపడేకన్నా, కిస్తీలు, ప్రయాణాలు, ఫోన్లు, కొనుగోళ్ళు కలిపి ఎంతవుతున్నాయో ముందు చూడాలని నేననడానికి కారణం ఇదే. కళ్ళ ముందుండే ఖర్చు కాబట్టి మన దృష్టి ఎప్పుడూ వంటింటి మీదకే వెళ్తుంది. బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోయే డబ్బు మన కంట పడదు.

20వ తేదీకే ఖాతా ఖాళీ అవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఏడాదికోసారి, రెండుసార్లు వచ్చే ఖర్చులు. స్కూలు ఫీజులు, బీమా ప్రీమియం, బండి సర్వీసింగు, ఇంటి పన్ను, పెళ్ళిళ్ళూ శుభకార్యాలూ. ఇవి వచ్చిన ప్రతిసారీ ‘ఈ నెల అనుకోని ఖర్చు తగిలింది’ అంటాం. నిజానికి అన్నీ మనకు ముందే తెలిసినవే, ఎప్పుడు వస్తాయో కూడా తెలుసు. ఏడాది మొత్తానికి అవన్నీ కలిపి ఎంతో ఒక కాగితం మీద రాయండి. 12తో భాగించండి. వచ్చిన మొత్తాన్ని జీతం పడిన రోజే వేరే ఖాతాకు మళ్ళించండి. అది పొదుపు కింద లెక్క కాదు, అప్పటికే ఖర్చయిపోయిన డబ్బు కిందే లెక్క. కార్డు మీద బాకీ పేరుకున్న ఇళ్ళలో చాలావాటిల్లో ఆ బాకీ మొదలైంది ఇలాంటి నెలలోనే. మీ ఇంట్లో కూడా ఎప్పుడు మొదలైందో ఒకసారి వెనక్కి వెళ్ళి చూసుకోండి.

ఇప్పుడు కరెంటు దగ్గరకు వద్దాం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, మీ ఇంట్లో గొడవలన్నీ ఇక్కడే కాబట్టి.

మీటరు మీద ఒక యూనిట్ తిరిగిందంటే 1,000 వాట్ల వస్తువు ఒక గంట పని చేసిందని అర్థం. మీ పిల్లలు ఆపడం మర్చిపోయే ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లది అనుకుందాం. అది 111 గంటలు ఏకబిగిన వెలిగితే ఒక యూనిట్ అవుతుంది. ఇప్పుడు స్నానానికి వేడినీళ్ళ లెక్క చూడండి. 15 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల మేర వేడి చేయడానికి 0.44 యూనిట్ దాకా కావాలి. అంటే ఒకరి స్నానానికి అయ్యే కరెంటుతో ఆ బల్బు రెండు రోజులు, రాత్రీ పగలూ వెలుగుతుంది. గీజర్‌ను గంట ముందు నుంచీ వేసి ఉంచితే వృథా ఇంకా పెరుగుతుంది. ఫోన్ లేకుండా ప్లగ్‌లో ఉన్న ఈ కాలపు ఛార్జరైతే ఏడాది పొడవునా అలాగే ఉన్నా తినేది ఒకటి రెండు యూనిట్ల లోపే. దాని కోసం పిల్లల్ని రోజూ కోప్పడకండి. భద్రత కోసం తీయమంటే అది వేరే మాట.

సూత్రం ఒకటే. వేడి చేసేవి, చల్లబరిచేవి, రోజంతా ఆగకుండా నడిచేవి. ఈ మూడు రకాలే బిల్లును పెంచుతాయి. ఇంట్లో పాత రకం ఫిలమెంటు బల్బులు ఉంటే మార్చేయండి, 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. మార్చాక బల్బుల గురించి మాట్లాడటం మానేయొచ్చు. గీజర్ థర్మోస్టాట్, అంటే నీళ్ళు ఎంత వేడెక్కాలో నిర్ణయించే మీట, మరీ పైకి పెట్టి ఆ నీళ్ళలో మళ్ళీ చన్నీళ్ళు కలుపుకుంటుంటే కాస్త తగ్గించండి. కానీ 60 డిగ్రీల కంటే కిందికి దించకండి, నిల్వ ఉండే గోరువెచ్చని నీళ్ళలో హానికరమైన బ్యాక్టీరియా పెరిగే అవకాశం ఉంది. ట్యాంకు రకం గీజరైతే ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు కానిస్తే మళ్ళీ మళ్ళీ కాగాల్సిన పని తగ్గుతుంది.

టీవీ దగ్గర పెట్టే సెట్‌టాప్ బాక్సు మీద ఓ కన్నేయండి. టీవీ ఆపినా అది ఆగదు. స్టాండ్‌బైలో, అంటే వాడకపోయినా ప్లగ్‌లోనే ఉన్నప్పుడు, లాగే ఒక్కో వాట్‌కు ఏడాదికి 8.76 యూనిట్లు అవుతాయి. 10 వాట్లు లాగే బాక్సు అలా ఏడాదంతా ఉంటే 87 యూనిట్లు దాటుతాయి. టీవీ, బాక్సు, స్పీకరు అన్నీ ఒకే స్విచ్ ఉన్న బోర్డుకు కలిపితే రాత్రి ఒక్క స్విచ్ ఆపితే చాలు, ఎవరికీ గుర్తు చేయాల్సిన అవసరం రాదు. రోజుకు 12 గంటలు తిరిగే 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్ స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఉన్న 30 వాట్ల ఫ్యాన్ పెడితే నెలకు 16 యూనిట్ల దాకా మిగులుతాయి. మీ యూనిట్ ధరతో గుణించి చూడండి, పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకు తిరిగొస్తుందో తెలుస్తుంది. రెండు మూడేళ్ళలో వచ్చేట్టయితే మార్చండి, ఎక్కువగా తిరిగే ఫ్యాన్‌తో మొదలుపెట్టి. ఫ్యాన్ గదిని చల్లబరచదు, గాలి ఒంటికి తగిలితేనే చల్లన. మనిషి లేని గదిలో ఫ్యాన్ ఆపమనడం మాత్రం న్యాయమైన మాటే. ఏసీ ఉంటే రెండు డిగ్రీలు పైకి పెట్టి ఫ్యాన్ తోడు చేయండి, ఫిల్టరు కడుగుతూ ఉండండి.

ఫ్రిజ్ ఏడాదంతా ఆగకుండా పని చేసే వస్తువు, కాబట్టి దానికి ఒక చిన్న పరీక్ష పెట్టండి. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూయండి. లాగితే తేలిగ్గా వచ్చేస్తే ఆ చోట రబ్బరు వదులైంది, అక్కణ్ణుంచి చల్లదనం బయటికి పోతోంది. చుట్టూ నాలుగు వైపులా అలా చూడండి. ఒక్కోసారి రబ్బరు మీద జిడ్డు పేరుకున్నా సరిగ్గా అతుక్కోదు, సబ్బు నీళ్ళతో తుడిస్తే సరిపోతుంది. లేకపోతే రబ్బరొక్కటే మార్పించండి, ఫ్రిజ్ మార్చక్కర్లేదు. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలు ఉంటే చాలు. వెనక గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య గాలి ఆడాలి.

నీళ్ళకు సంబంధించి పిల్లలు మగ్గుడు నీళ్ళు ఎక్కువ పోసుకున్నారా అని చూడటం కన్నా కారుతున్న చోట్లు చూడటం మేలు. సెకనుకు ఒక్క చుక్క కారే కుళాయి రోజుకు 20 లీటర్లకు పైగా పారబోస్తుంది. టాయిలెట్ ట్యాంకు లీకు చాలాసార్లు కంటికి కనబడదు, చప్పుడు కూడా చేయదు. ట్యాంకులో కాస్త తినే రంగు కలిపి అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా ఉంచండి. కింద గిన్నెలోకి రంగు దిగితే లోపలి వాల్వు వాషరు పోయినట్టే. మార్చడం చిన్న పని.

వంటింట్లో నేను చెప్పే మాట ఒక్కటే, కొన్నది పారేయకండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం హోటళ్ళలోనో దుకాణాల్లోనో కాదు, ఇళ్ళలోనే. సగటున మనిషికి ఏడాదికి 79 కిలోలు. ఐదుగురున్న ఇంటికి లెక్క వేసుకోండి. చవగ్గా దొరికే కొట్టు కోసం నాలుగు వీధులు తిరిగి ఆదా చేసింది, ఫ్రిజ్ వెనక అరలో కుళ్ళిపోయిన ఒక్క కవరుతో పోతుంది. వారంలో ఒక రోజు, సరుకులు కొనబోయే ముందు రోజైతే మంచిది, ఇంట్లో ఉన్నవాటితోనే వంట అని పెట్టుకోండి. త్వరగా పాడయ్యేవన్నీ ఫ్రిజ్ ముందు వరుసలో, కంటికెదురుగా పెట్టండి. మిగిలినదాన్ని మూత తీస్తేనే తెలిసే డబ్బాలో కాకుండా బయటికి కనబడే గాజు డబ్బాలో దాయండి. ఈ చిన్న మార్పుతోనే వృథా బాగా తగ్గుతుంది.

వండేటప్పుడు మూత పెట్టడం, నీళ్ళు మరగడం మొదలయ్యాక మంట తగ్గించడం అలవాటు చేసుకోండి. మరుగుతున్న నీళ్ళు మంట ఎంత పెంచినా 100 డిగ్రీలు దాటవు, ఆవిరి ఎక్కువ పోతుంది తప్ప వంట తొందరగా అవదు. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి బయటికి పోకుండా ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది, అందుకే అందులో త్వరగా ఉడుకుతుంది.

కొనేటప్పుడు ప్యాకెట్ ధర కాకుండా కిలోకు ఎంత, లీటరుకు ఎంత అని చూడండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోవద్దు, కొన్నిసార్లు చిన్నదే చవగ్గా పడుతుంది. ప్యాకెట్ సైజు పెద్దదైతే ఇంట్లో వాడకం కూడా పెరుగుతుంది. సబ్బుపొడి, షాంపూలాంటివాటిలో ఇది బాగా కనబడుతుంది. రెండు కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు మీకు మూడూ కావాలంటేనే అది మూడో వంతు తగ్గింపు. ఒక్కటి చాలనుకుంటే రెట్టింపు ఖర్చు. ‘ఇంకొంచెం కొంటే డెలివరీ ఉచితం’ అన్నప్పుడు ఆ ఇంకొంచెం ధర డెలివరీ ఛార్జీ కంటే ఎక్కువైతే ఛార్జీ కట్టేయడమే లాభం. తిండి, మందులు కాకుండా ఇంకేదైనా కొనాలనిపిస్తే రెండు రోజులు ఆగండి. రెండు రోజుల తర్వాత కూడా కావాలనిపిస్తే కొనండి, అప్పుడు దాని గురించి బాధపడక్కర్లేదు.

పెద్దమ్మాయి డ్రాయింగ్ క్లాసు మాన్పించకండి. ఆ క్లాసు ఫీజునూ, కార్డు మీద పోతున్న నెల వడ్డీనీ పక్కపక్కన రాసి చూడండి. వడ్డీ ఎక్కువుంటుందని నా అనుమానం. ఆ అమ్మాయి ఇష్టంగా వెళ్తున్నంత కాలం అది ఇంట్లో చివరగా కోయాల్సిన ఖర్చు. ఇష్టం లేకుండా వెళ్తోందేమో మాత్రం అడిగి తెలుసుకోండి. పిల్లలు చాలాసార్లు మన సంతోషం కోసం వెళ్తుంటారు.

ఇక మీవారి మాట. ఆయన ‘పిసినారితనం’ అన్నది మీ మనసుకు బాగా తగిలిందని అర్థమైంది. ఆయన వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. ఇంటి లెక్కల భారమంతా మీరొక్కరే మోస్తున్నారు, ఆయనకు వినబడుతున్నది మాత్రం ‘ఆపు, తీయకు, ముట్టుకోకు’ అనే మాటలే. ఎంత పోతోంది, ఎందుకు పోతోంది అన్నది ఆయన కళ్ళతో చూడలేదు. నెల లెక్క రాయడం పూర్తయ్యాక ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చోండి. నువ్వింత తగలేశావు, నేనింత మిగిల్చాను అని కాకుండా, కాగితం మధ్యలో పెట్టుకుని ‘మన డబ్బు ఇటు పోతోంది’ అని చూడండి. ముందుగా ఆ కార్డు లెక్క చూపించండి. 55 కడితే 23 తగ్గడం అనేది ఎవరికైనా ఒక్క చూపులో తలకెక్కుతుంది. వాదించాల్సిన పని ఉండదు. మీ అత్తగారిని కూడా కూర్చోబెట్టుకోండి. తక్కువ డబ్బులో ఇల్లు నడిపిన అనుభవం మీ ఇద్దరికంటే ఆవిడకే ఎక్కువ ఉండి ఉంటుంది, అడిగితే సంతోషిస్తారు కూడా.

ఆ సాయంత్రమే ఇంకొకటి తేల్చుకోండి. నెలకు ఆయనకింత, మీకింత, లెక్క అడగని డబ్బు. చిన్న మొత్తమే కావచ్చు, కానీ ఎవరిది వాళ్ళు ఏం చేసుకున్నా ఇంకొకరు ప్రశ్నించకూడదు. ఇది దుబారా అని నేననుకోను. ప్రతి ఖర్చుకూ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చే ఇంట్లో మనుషులు దాచిపెట్టి ఖర్చు చేయడం మొదలుపెడతారు, అది అప్పు కంటే ప్రమాదం. పిల్లలకు కూడా వయసుకు తగ్గట్టు ఎంతో కొంత చేతికివ్వండి, అయిపోతే మళ్ళీ నెల దాకా లేదని ముందే చెప్పండి. కరెంటు బిల్లు కిందటి ఏడాది ఇదే నెల కంటే తగ్గితే ఆ తేడాలో సగం పిల్లలదని ప్రకటించండి. గీజర్ స్విచ్ ఎవరు ఆపుతారో చూడండి.

వడ్డీ పోటు తగ్గి నెలకు ఎంతో కొంత మిగలడం మొదలయ్యాక, జీతం పడిన మర్నాడే ఆ మొత్తం దానంతటదే వేరే ఖాతాకు వెళ్ళేట్టు బ్యాంకులో చెప్పి పెట్టండి. నెలాఖరుకు మిగిలింది దాద్దామనుకుంటే ఏ ఇంట్లోనూ ఏమీ మిగలదు. మొదట ఒక నెల ఖర్చుకు సరిపడా, తర్వాత నిదానంగా మూడు నెలలకు. ఈ నిల్వ ఉంటే ఫ్రిజ్ పాడైనా, ఎవరికైనా జ్వరం వచ్చినా మళ్ళీ కార్డు వైపు చెయ్యి పోదు. మీ అసలు సమస్య మళ్ళీ రాకుండా ఆపగలిగేది అదే.

తగ్గించకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. పొదుపు వేడిలో చాలామంది ముందు వీటి మీదే పడతారు కాబట్టి చెబుతున్నాను. ఆరోగ్య బీమా ప్రీమియం ఆపొద్దు, ముఖ్యంగా పెద్దావిడ ఇంట్లో ఉన్నప్పుడు. మధ్యలో ఆగిపోయిన పాలసీ వయసు మీద పడ్డాక మళ్ళీ దొరకడం కష్టం. ఆవిడ రోజూ వేసుకునే మందులు ఉంటే డాక్టరును అడిగి జనరిక్ రకం రాయించుకోవచ్చు, అందులోనూ అదే మందు, అదే మోతాదు ఉంటుంది. అంతేగానీ రోజు మార్చి రోజు వేసుకోమని మాత్రం చెప్పకండి. పంటి నొప్పిని వాయిదా వేస్తే చిన్న పూడికతో పోయేది రూట్ కెనాల్ దాకా వెళ్ళి తడిసి మోపెడవుతుంది. గ్యాస్ గొట్టం గడువు, బండి టైర్ల అరుగుదల, గోడలో పాతబడ్డ కరెంటు తీగలు, వీటికి పెట్టే డబ్బు పొదుపు లెక్కలోకి తీసుకురాకండి. ప్లగ్ పెట్టినప్పుడు వేడెక్కుతున్న స్విచ్ బోర్డు ఇంట్లో ఎక్కడైనా ఉంటే, మిగతా పనులన్నీ ఆపి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.